అతికించేసిన ఫిష్ ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్‌ని కయాక్ నుంచి పగలకుండా తీయొచ్చా? తీసి ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖ మధురవాడలో ఉంటారు, సెకండ్ హ్యాండ్‌లో ప్లాస్టిక్ సిట్ ఆన్ టాప్ కయాక్, అంటే పైన కూర్చుని తెడ్డు వేసే చిన్న పడవ, కొన్నారు. పాత యజమాని ఫిష్ ఫైండర్ (లోతునీ చేపలనీ తెర మీద చూపించే పెట్టె) ట్రాన్స్‌డ్యూసర్‌ని (దానికి కేబుల్‌తో కలిపి ఉండే, నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వని పట్టే భాగం) పడవ లోపల, అడుగుకి సిలికాన్‌తో అతికించాడు. ఒడ్డు దగ్గర లోతు బాగానే చూపిస్తోంది, పది మీటర్లు దాటేసరికి అంకె మిణుకుమిణుకుమని మాయమవుతోంది. దాన్ని పగలకుండా తీయొచ్చా, తీసి అడుగున స్కప్పర్ కన్నంలో, అంటే డెక్ మీద పడిన నీళ్లు కిందకి పోయే కన్నంలో, పెట్టుకుంటే మంచిదా, కేబుల్ కోసి అతుకు వేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. తీయొచ్చు, ఓపిక ఉంటే పగలదు. స్కప్పర్‌లో మాత్రం పెట్టకండి, మన తీరానికి అది కుదరదు. మళ్లీ లోపలే పెట్టండి, ఈసారి గాలి బుడగ లేకుండా. కేబుల్ జోలికి వెళ్లొద్దు.

నా సంగతి కాస్త. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు ఎకో సౌండర్లు, అంటే శబ్దంతో లోతు కొలిచే పరికరాలు, బిగించే పని పదహారేళ్లు చేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులే మాకు సీజన్. బోట్లు ఒడ్డెక్కితే వాటి కింద వెల్లకిలా పడుకుని, అడుగున పట్టిన గుల్లలు గీక్కుంటూ పని. కయాక్ మీదకి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇప్పటికి నావి, స్నేహితులవి కలిపి ఓ పాతిక ట్రాన్స్‌డ్యూసర్లు ఊడదీసి మళ్లీ పెట్టి ఉంటాను. అందులో రెండు నా చేతిలోనే పోయాయి. ఎలా పోయాయో కూడా చెప్తాను.

ముందు మీది ఎందుకు తడబడుతోందో చూద్దాం. ట్రాన్స్‌డ్యూసర్ లోపల చిన్న పింగాణీ బిళ్ల ఉంటుంది. కరెంటు తగిలితే అది అదురుతుంది, అదురు తగిలితే కరెంటు పుట్టిస్తుంది. అది కొట్టిన శబ్దం సముద్రం అడుగుకి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్క. ఉప్పునీటిలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది, అంటే 15 మీటర్ల లోతుకి పోయి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. ఆర్కే బీచ్‌లో కుర్సురా చూసే ఉంటారు, ఆ జలాంతర్గామి సోనార్‌కీ మీ చిన్న పెట్టెకీ మూలసూత్రం ఒకటే.

ఈ శబ్దానికి ప్లాస్టిక్ పెద్ద అడ్డు కాదు. కయాక్ అడుగు కొద్ది మిల్లీమీటర్ల మందం పాలిథిలిన్, కొంచెం బలం తగ్గినా శబ్దం దాన్ని దాటిపోతుంది. దాటలేనిది గాలిని. గాలి పొర తగిలిందంటే శబ్దం దాదాపు మొత్తం అక్కడినుంచే వెనక్కి తిరుగుతుంది, కాగితం మందం పొరైనా సరే. మీ పాత యజమాని బహుశా ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నిండా పల్చగా సిలికాన్ రాసి, పైనుంచి తిన్నగా నొక్కి ఉంటాడు. అలా నొక్కితే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. లోతు తక్కువైతే ప్రతిధ్వని గట్టిగా వస్తుంది కాబట్టి బుడగ పక్కల నుంచి దూరిన కాస్త శబ్దంతోనే పని జరిగిపోతుంది. లోతు పెరిగితే అది చాలదు. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

అయినా కత్తి పట్టుకునే ముందు ఒక గంట ఆగండి. ఓసారి ఒక బోటు మీద సగం రోజు కష్టపడి ట్రాన్స్‌డ్యూసర్ దించాక తెలిసింది, తప్పు బ్యాటరీ వైరుదని. ఆ రోజు కూలి అడగడానికి నాకే మొహం చెల్లలేదు. అందుకని ఇవి చూడండి. ఫిష్ ఫైండర్ నడుస్తుండగా బ్యాటరీ ఓల్టేజీ కొలవండి. చాలామంది వాడే 12 ఓల్టుల 7 యాంపియర్ అవర్ యూపీఎస్ బ్యాటరీ పాతబడితే ఖాళీగా 12.5 చూపించి, లోడు పడగానే 11 కిందకి జారిపోతుంది. కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టాయేమో చూడండి, ఉప్పుగాలికి అది మామూలే. ఆఖరిగా, హ్యాచ్ (పడవ కడుపులోకి చెయ్యి దూర్చే కన్నం) మూత తీసి చెవి లోపలికి పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్ బతికుంటే చాలావరకు గోడగడియారంలా టిక్ టిక్ అని సన్నగా వినిపిస్తుంది. ఈ మూడూ బాగుంటే దోషం అతుకుదే, ఇక ఊడదీయొచ్చు.

ఊడదీయడం. ముందు కేబుల్‌ని పెట్టె దగ్గర విడదీయండి. ఫోన్‌లో ఫొటో తీసుకుని, ట్రాన్స్‌డ్యూసర్ ఎటు చూస్తోందో అడుగు మీద మార్కర్‌తో బాణం గుర్తు గీయండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు.

ఇక్కడ మీకొక అదృష్టం ఉంది. పాలిథిలిన్‌కి ఏ జిగురూ ప్రాణం పెట్టి అంటుకోదు. నూనె రాసిన పెనం మీద దోసె లాంటిది, అంచు దొరికితే లేస్తుంది. ఆ అంచు దొరకబుచ్చుకోవడమే పని. వంచితే వంగే ప్లాస్టిక్ ముక్కతో, గడువు తీరిన ఏటీఎం కార్డైనా చాలు, చుట్టూ పొంగిన సిలికాన్‌ని ముందు కోసి తీసేయండి. తర్వాత గాలానికి వాడే అల్లిక దారం, అదే బ్రెయిడ్, 40 పౌండ్లది మూడడుగులు తీసుకుని రెండు చివర్లా చిన్న పుల్లలు కట్టండి, లేకపోతే వేళ్లు తెగుతాయి. ట్రాన్స్‌డ్యూసర్ కింద సిలికాన్ పొరలోకి ఆ దారాన్ని దించి రంపం లాగినట్టు ఇటూ అటూ లాగండి. మధ్యమధ్య సబ్బునీళ్లు పోస్తుంటే దారం జారుతుంది. పది పదిహేను నిమిషాల్లో సగం పైగా తెగిపోతుంది. అప్పుడు అరచేత్తో పట్టుకుని సీసా మూత తిప్పినట్టు మెలితిప్పండి, పైకి పెకలించకండి.

హ్యాచ్‌లోంచి రెండు చేతులూ దూరవు, నాకు తెలుసు. దారం ఒక కొసని చిన్న కర్ర చివర కట్టి ట్రాన్స్‌డ్యూసర్ అవతలి వైపు నుంచి తిప్పి తెచ్చుకోవాలి. ఇక్కడే విసుగొచ్చి స్క్రూడ్రైవర్ అందుకుంటారు. నా చేతిలో పోయిన మొదటిది అలాగే పోయింది. స్క్రూడ్రైవర్ మొన కింద దూర్చి ఒక్క పట్టు పట్టాను, టక్ మని లేచింది. బాగానే ఉందనుకుని నీళ్లలో పెడితే రెండు మీటర్లకి మించి చూపించదు. ముఖం మీద వెంట్రుక లాంటి పగులు, లోపల బిళ్ల చిట్లిపోయింది. రెండోది కేబుల్ పట్టుకుని లాగినందుకు పోయింది. కేబుల్ మొదట్లో తీగ లోపల తెగింది, బయటికి ఏమీ కనపడలేదు.

వేడి గురించి అడుగుతారని ముందే చెప్తున్నాను. హీట్ గన్ వద్దు. పాలిథిలిన్ సుమారు 120 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, హీట్ గన్ మూతి దగ్గర వేడి దానికి చాలా ఎక్కువ. వేడి నీళ్ల సీసా పక్కన ఆనించి ఓ పావుగంట ఉంచితే చాలు. సిలికాన్ దానికి పెద్దగా మెత్తబడదు గానీ మిగతా రబ్బరు జిగుర్లు కొన్ని లొంగుతాయి. అలాగే మే నెల మధ్యాహ్నం ఎండలో కాగిన కయాక్ మీద ఈ పని చేయకండి, అడుగు మెత్తబడి మీరు ఆనించిన చోటల్లా లొత్తలు పడుతుంది. ఒకవేళ పాత యజమాని వాడింది సిలికాన్ కాక గట్టిపడే ఎపాక్సీ ముద్ద అయితే పని ఇంకా తేలిక. అది ప్లాస్టిక్‌కి అసలు సరిగ్గా అంటదు, పక్కనుంచి చెక్క ముక్క పెట్టి చిన్నగా తడితే పెచ్చులా లేచిపోతుంది. ఫైబర్ కయాక్ అయితే మాత్రం వేరే కథ, అక్కడ ఎపాక్సీ అతుకుని కోయాల్సిందే.

ఊడాక రెండు వైపులా పాత సిలికాన్ పొర మిగులుతుంది. దాని మీద కొత్త జిగురు ఏదీ నిలవదు, కొత్త సిలికాన్ కూడా. పూర్తిగా పోవాలి. అడుగున ప్లాస్టిక్ గరిటె అంచుతో గీకి, 120 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేసి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్ని వేలితో రుద్దిరుద్ది ఉండలు కట్టించి తీయాలి, తర్వాత సబ్బునీళ్లు. థిన్నర్, పెట్రోలు, గోళ్లరంగు తుడిచే ద్రావకం దాని దరిదాపులకి తేకండి, ఆ ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

ఇప్పుడు అతికించకుండా ఒకసారి సముద్రానికి వెళ్లండి. ఎవరూ చేయని పని ఇది, అందుకే ఒకే పని మూడుసార్లు చేస్తారు. కెరటాలు పడుకున్న ఉదయం చూసుకుని, ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒక కర్రకి కట్టి కయాక్ పక్కన నీళ్లలో ముంచి, మీకు అంకె మాయమయ్యే లోతుకి వెళ్లి చూడండి. అక్కడ అడుగు గీత స్పష్టంగా కనిపిస్తే పరికరం నిక్షేపం. తర్వాత హ్యాచ్ లోపల, మీరు అతికించాలనుకున్న చోట ఓ గ్లాసెడు నీళ్లు పోసి, ఆ నీళ్లలో ట్రాన్స్‌డ్యూసర్ ఆనించి మళ్లీ చూడండి. పక్కన ముంచినప్పటికంటే కొంచెం మసక రావడం సహజం. సగానికి సగం పడిపోతే చోటు మార్చండి.

అంకె నిజమేనా అని అనుమానం వస్తే దారానికి సీసపు గుండు కట్టి దించి కొలవండి. మా జాలారిపేట పెద్దాయన ఇప్పటికీ లోతు బారల్లోనే చెప్తాడు. బార అంటే చేతులు రెండూ చాచినంత, దాదాపు ఆరడుగులు. నా పరికరం 11 మీటర్లు చూపించినప్పుడు ఆయన దారం లాగుతూ లెక్కపెట్టి "ఆరు బారలు బాబూ, నీ పెట్టె అబద్ధం ఆడట్లేదు" అన్నాడు. ఆరు బారలంటే 36 అడుగులు, 11 మీటర్లే కదా. ఆ వెంటనే "అయినా ఈ పెట్టె ఎందుకు, కొండ గుర్తు చూసుకుంటే సరిపోద్ది" అని కూడా అన్నాడనుకోండి. ఇటు డాల్ఫిన్ నోస్, అటు కైలాసగిరి చూసుకుని రాతిపారు మీదకి పడవని తీసుకెళ్లి నిలబెడతాడు ఆయన. నాకు ఆ విద్య రాలేదు, పెట్టె కొనుక్కున్నాను.

చోటు విషయం. లోపల పెట్టేటప్పుడు అడుగు బల్లపరుపుగా ఉన్న చోటు కావాలి, పొడవునా ఉండే గాడుల మీద కాదు. ముక్కు వైపు వద్దు, కెరటం మీద అది లేచినప్పుడల్లా కింద గాలే. సీటుకి కాస్త ముందో వెనకో, హ్యాచ్‌లోంచి చెయ్యి అందే చోటు బాగుంటుంది. ముఖం తిన్నగా కిందకి చూడాలి. ఇక్కడొక చిక్కు ఉంది, ఒడ్డున ఇసకలో కయాక్ ఉన్న తీరు వేరు, మీరెక్కి కూర్చుంటే నీళ్లలో వెనక్కి దిగే తీరు వేరు. మీరు కూర్చుని ఉండగా స్నేహితుడితో తాపీమేస్త్రీల రసమట్టం డెక్ మీద పెట్టించి ఎంత వాలుతోందో చూడండి. రెండు మూడు డిగ్రీలైతే పట్టించుకోనక్కర్లేదు.

స్కప్పర్ ఎందుకు వద్దన్నానంటే, మన ఒడ్డు వల్లే. స్కప్పర్ పద్ధతి తప్పు కాదు, దాని కోసం అడుగున గుంత చేసి వచ్చే కయాక్‌లు కూడా ఉన్నాయి, చెరువుల్లో, రిజర్వాయర్లలో చక్కగా పనిచేస్తుంది. కానీ రుషికొండలోనో మంగమారిపేటలోనో బయటికి వచ్చేటప్పుడు ఆఖరి కెరటం కయాక్‌ని ఎత్తి ఇసక మీద కుదేస్తుంది. మనిషి బరువుతో సహా ఆ దెబ్బంతా ముందు తగిలేది అడుగున బయటికి ఉన్నదానికే. తర్వాత ఇసక మీద ఈడ్చుకెళ్తాం. నా స్నేహితుడొకాయన నా మాట వినక స్కప్పర్‌లో పెట్టాడు. నాలుగో ట్రిప్పుకి ముఖం అరిగి తెల్లబడింది, ఆరో ట్రిప్పుకి కేబుల్ మొదట్లో చిట్లింది. ఇంకొకటి, దాన్ని బిగించడానికి స్కప్పర్ గొట్టం గోడకి స్క్రూలు కొట్టకండి. ఆ గోడ అవతల పడవ కడుపే. నీరు లోపలికి చేరడం ఒడ్డుకి చాలా దూరం పోయాకే తెలుస్తుంది.

అయితే ఒక సందర్భంలో నా సలహా మారుతుంది. మీ ట్రాన్స్‌డ్యూసర్ లేబుల్ మీద 455 లేదా 800 కిలోహెర్ట్జ్ అని ఉండి, మీరు డౌన్ ఇమేజింగ్ (సముద్రం అడుగుని ఫొటోలా చూపించే) బొమ్మ కోసమే దాన్ని కొన్నట్టయితే, లోపల పెట్టి లాభం లేదు. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్లాస్టిక్‌లోంచి బాగా బలహీనపడుతుంది. మామూలు 83, 200 కిలోహెర్ట్జ్ అయితే సమస్య లేదు. ఇమేజింగ్ కావాలంటే పక్కన దించే చేయి ఒక్కటే దారి. పీవీసీ పైపు ముక్కతోనో చెక్కతోనో చేసుకోవచ్చు, ముఖం అడుగు మట్టానికి నాలుగు వేళ్లు కిందకి ఉండేలా. తెడ్డు తగలని వైపు అంటూ ఉండదు, కాబట్టి కాళ్ల కన్నా ముందుకి బిగించండి. దానికో తాడు కట్టండి, కెరటాల వరసలోకి వచ్చే ముందు పైకి తీసేయండి. నేను ఒకసారి తీయడం మర్చిపోయి చేయి విరగ్గొట్టుకున్నాను, పైపు చేయి.

మీది మామూలు రకమే అనుకుని అతికించడం చెప్తాను. ముందు అనుమానం తీర్చుకోవాలంటే ఏసీ పైపు గోడలోకి వెళ్లే చోట కన్నం మూసే, ఎప్పటికీ గట్టిపడని పుట్టీ వాడండి. ఇడ్లీ అంత ముద్ద చేసి, అడుగుకి ఒత్తి, దాని మీద ట్రాన్స్‌డ్యూసర్‌ని నొక్కితే నెలల తరబడి నిలుస్తుంది, కావాలనుకుంటే చేత్తో తీసేయొచ్చు. నాది ఎండలో నిలిపిన కయాక్‌లో ఒకసారి పక్కకి జారింది, అంతకు మించి ఫిర్యాదు లేదు. మీకు ఇదే మొదటిసారి కాబట్టి నా ఓటు దీనికే.

శాశ్వతంగా కావాలంటే అక్వేరియం అతికించే పారదర్శక సిలికాన్, లేదా ఆరాక కూడా రబ్బరులా వంగే మెరైన్ జిగురు. ఎపాక్సీ ముద్దలు, నురగలా పొంగే పాలీయురేథేన్ జిగుర్లు వద్దు. మొదటివి వంగే అడుగు మీద నిలవవు, రెండోవాటి నిండా గాలే. రాసే పద్ధతిలోనే అంతా ఉంది. ముఖం అంతా పూయకండి. మధ్యలో ఒక్కచోట గోపురంలా పోసి, దాని మీద ట్రాన్స్‌డ్యూసర్‌ని ఆనించి, చిన్నగా ఇటూ అటూ తిప్పుతూ దించండి. జిగురు మధ్య నుంచి అంచులకి పాకుతూ గాలిని ముందుకి తోసుకుపోతుంది. చుట్టూ సమానంగా పొంగితే బాగా పడినట్టు. ఒకసారి దించాక మళ్లీ ఎత్తి చూడాలనిపిస్తుంది, ఎత్తారా, గాలి దూరిపోతుంది, మొదటినుంచి చేయాల్సిందే. పైన అర లీటరు నీళ్ల సీసా పెట్టి, హ్యాచ్ తెరిచి, రెండు రోజులు వదిలేయండి. మూసిన పడవ కడుపులో సిలికాన్ ఆరడానికి ఆ మాత్రం పడుతుంది.

నూనె పద్ధతి అని ఒకటుంది, పీవీసీ రింగు అతికించి అందులో నూనె పోసి ట్రాన్స్‌డ్యూసర్‌ని ముంచడం. బాగానే పనిచేస్తుంది, కొబ్బరినూనె పోయనంతవరకు. భీమిలి వైపు ఒక కుర్రాడు జనవరిలో నాకు ఫోన్ చేశాడు, తెల్లారుజామున ఏమీ కనపడదు, తొమ్మిదయ్యేసరికి దానంతటదే బాగవుతుంది, ప్రోగ్రామ్‌లో లోపమా అని. వెళ్లి చూస్తే రాత్రంతా ఒడ్డున ఉన్న కయాక్‌లో కొబ్బరినూనె గడ్డకట్టి, కుంచించుకుపోయి, ముఖం కింద సన్నటి ఖాళీ చేసింది. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది కదా. ఇంట్లో సీసా చూస్తూనే ఉంటాం, పడవలో తట్టదు.

లోపల పెడితే నీటి ఉష్ణోగ్రత సరిగ్గా చూపించదు, పడవ అడుగు వేడిని చూపిస్తుంది. ఎండలో నిలిపిన కయాక్ దించగానే నీళ్లు 38 డిగ్రీలని చూపిస్తే కంగారుపడకండి. మెనూలో నీటి రకం ఉప్పునీరుగా మార్చుకున్నారో లేదో కూడా చూసుకోండి, మంచినీటి సెట్టింగ్‌లో ఉంటే లోతు కొద్దిగా తేడా వస్తుంది.

ఇక కేబుల్. కోసి అతుకు వేస్తే ఏమవుతుందంటే, ఒక్కోసారి ఏమీ కాదు, అదే ప్రమాదం. అందులోంచి వెళ్లే పల్స్ వందల ఓల్టులు ఉండొచ్చు, తిరిగొచ్చే ప్రతిధ్వని అతి సన్నటిది, దాన్ని కాపాడేది చుట్టూ ఉన్న జాలీ తీగ. అతుకు దగ్గర ఆ జాలీ తెగిపోయి, ఉప్పుతేమ చేరితే తెర మీద చుక్కలూ గీతలూ మొదలవుతాయి. పొడవు ఎక్కువైతే చుట్టి వెల్క్రోతో కట్టేయండి. తక్కువైతే ఆ కంపెనీదే ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకోండి. డెక్‌లో కన్నం కనెక్టర్ పట్టేంత పెద్దది చేయక తప్పదు, దానికి కేబుల్ గ్లాండ్ (కేబుల్ చుట్టూ నీరు దూరకుండా మూసే బిరడా) బిగించండి. పాత కన్నాలు మిగిలితే రబ్బరు వాషరుతో స్టెయిన్‌లెస్ బోల్టు వేసి మూసేయొచ్చు. బ్యాటరీ ప్లస్ వైరుకి 3 యాంపియర్ల ఫ్యూజ్ లేకపోతే ఈ పనిలోనే అది కూడా పెట్టేయండి. తిరిగొచ్చాక కనెక్టర్‌ని మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి.

మళ్లీ అతికించినది కూడా ఒకటి రెండేళ్లకి ఒక అంచు లేస్తుంది. నేను చెప్పానుగా, పాలిథిలిన్‌కి ఏదీ నిలవదు. అది మీ తప్పు కాదు, అప్పుడు ఊడదీయడానికి అయిదు నిమిషాలే పడుతుంది.

మీ ట్రాన్స్‌డ్యూసర్ లేబుల్ ఫొటో, హ్యాచ్ లోపలి ఫొటో ఒకటి పెట్టండి. ఎక్కడ పెట్టాలో గీసి చూపిస్తాను.